మొదటి ఫిషింగ్ కయాక్ కొందామని: కామ్రీ మీద పెట్టి తీసుకెళ్ళగలమా?

మొదటిగాలం:
అందరికీ నమస్తే. డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాను. చాన్నాళ్ళుగా ఒడ్డు మీంచే గాలం వేస్తున్నాను, గ్రేప్‌వైన్ లేక్ ఎక్కువ, లూయిస్‌విల్ అప్పుడప్పుడు. ఇక విసుగొచ్చేసింది. చేపలన్నీ మనకి అందనంత దూరంలో, నీళ్ళలో మునిగిన చెట్ల దగ్గర గంతులేస్తుంటాయి, మనమేమో ఒడ్డున ముళ్ళపొదల్లో లైన్ చిక్కు విప్పుకుంటూ కూర్చుంటాం. అందుకని ఒక ఫిషింగ్ కయాక్ కొందామని, అదే, తెడ్డు వేస్తూ కూర్చుని గాలం వేసుకునే చిన్న పడవ.

బడ్జెట్ 600 డాలర్లు, మహా అయితే 700. నా బరువు 195 పౌండ్లు. బండి 2019 టొయోటా కామ్రీ, పైకప్పు మీద సామాను కట్టే రాక్ ఏమీ లేదు. అపార్ట్‌మెంట్ రెండో అంతస్తు, గరాజ్ లేదు. ఈత వచ్చీ రానట్టు. ఏది కొనాలి, ఇంటికి ఎలా తెచ్చుకోవాలి, ఎక్కడ పెట్టుకోవాలి? యూట్యూబ్ చూసి చూసి బుర్ర వేడెక్కింది, అక్కడ అందరికీ పికప్ ట్రక్కులే. కాళ్ళతో తొక్కి నడిపే పెడల్ కయాక్ మీదకి మనసు పోతోంది గానీ ధర చూస్తే గుండె ఆగినంత పనైంది.

డెంటన్‌బాబాయ్:
నాయనా, ముందు కయాక్ సంగతి పక్కన పెట్టు. బండి, రెండో అంతస్తు, ఈత. ఈ మూడూ తేలితే ఏ కయాక్ కొనాలో దానంతట అదే తేలుతుంది. చాలామంది ముందు కయాక్ కొనేస్తారు, తర్వాత దాన్ని మోసే దారి లేక ఏడాది తిరక్కుండా అమ్మేస్తారు. సెకండ్ హ్యాండ్‌లో అంత మంచి సరుకు దొరుకుతోందంటే వాళ్ళ పుణ్యమే.

నా దగ్గర హోబీ అవుట్‌బ్యాక్ ఉంది, పెడల్‌ది. 12 అడుగుల 9 అంగుళాలు, వంద పౌండ్లకి అటూ ఇటూ బరువు, సీటూ గాలాల సామానూ పెడితే ఇంకా పైన. చేతులు ఖాళీగా ఉంటాయి, గాలి కొట్టినా ఒకచోట నిలబడొచ్చు, అదంతా నిజమే. కానీ దాన్ని నేను ట్రక్కు వెనక తొట్టిలోకి, అంటే బెడ్‌లోకి, తోస్తాను తప్ప ఎత్తను. నా బెడ్ అయిదున్నర అడుగులే, అందుకని వెనక హిచ్‌కి, బయటికి వచ్చే కొసని మోసే బెడ్ ఎక్స్‌టెండర్ తగిలించి, కొసకి ఎర్రజెండా కడతాను. టెక్సాస్‌లో వెనక నాలుగడుగులు దాటి బయటికి ఉంటే పన్నెండు అంగుళాల చదరం ఎర్రగుడ్డ కట్టాల్సిందే, రాత్రయితే ఎర్రలైటు. ఇదంతా కామ్రీ పైకప్పు మీద కుదిరే పని కాదు. పెడల్ ఆశ ఇప్పటికి మానుకో.

కొల్లేటికొంగ:
బాబాయ్ గారు చెప్పిందానికి నేను లెక్క కలుపుతాను.

కయాక్ మీద రాసి ఉండే వెయిట్ కెపాసిటీ చూసి మోసపోవద్దు. దాని అర్థం మునగకుండా అంత మోస్తుందని, అంత బరువుతో హాయిగా చేపలు పట్టొచ్చని కాదు. మామూలుగా అందులో 70 శాతం దగ్గర ఆగితే మంచిది. నువ్వు 195, గాలాలూ కొక్కేల సామానుండే టాకిల్ పెట్టె లైఫ్ జాకెట్ నీళ్ళ బాటిల్ చిన్న కూలర్ అన్నీ కలిపి ఇంకో 35, మొత్తం 230 అనుకో. లైఫ్‌టైమ్ టమరాక్ ఆంగ్లర్ అని పదడుగులది పెద్ద స్టోర్లలో చవకగా దొరుకుతుంది, 52 పౌండ్ల బరువు, కెపాసిటీ 275. డెబ్భై శాతం అంటే 192. నువ్వొక్కడివి కూర్చుంటేనే అయిపోయింది! మునగదు, కానీ వెనక భాగం కిందికి కుంగి, నీళ్ళు పోయే రంధ్రాల్లోంచి పైకి ఎగదన్ని, రోజంతా తడి సీటు మీద కూర్చోవాలి. పర్సెప్షన్ పెస్కడార్ ప్రో 12 కెపాసిటీ 375, డెబ్భై శాతం 262, బరువు 64 పౌండ్లు. ఈ లెక్కన నీకు సరిపోయేది ఆ పన్నెండడుగుల తరగతి. కొత్తది నీ బడ్జెట్ దాటుతుంది, వాడినది చూసుకో.

ఇంకోటి, పైన కూర్చునే సిట్ ఆన్ టాప్ రకమే తీసుకో. కాళ్ళు లోపలికి పెట్టి కూర్చునే సిట్ ఇన్‌సైడ్ బోర్లా పడితే నిండా నీళ్ళు నిండుతాయి, లేక్ మధ్యలో ఒక్కడివే దాన్ని ఖాళీ చేయలేవు. సిట్ ఆన్ టాప్ అయితే తిరగేసి మళ్ళీ పైకెక్కొచ్చు.

వాలుగపులుసు:
ఏందన్నా ఇంత లెక్క, ఐఐటీ కోచింగ్ లెక్క ఉంది 😀 రెండో అంతస్తు, గరాజ్ లేదు అంటున్నడు కదా, గాలి కొట్టే కయాక్ కొనుక్కోమనండి. ఇంటెక్స్ ఎక్స్‌ప్లోరర్ కె2 రెండొందల లోపే వస్తది, ట్రంక్‌లో పడేసుకొని పోవుడే. రాక్ లేదు, తాడు లేదు, టెన్షన్ లేదు.

కొల్లేటికొంగ:
టెన్షన్ తర్వాత మొదలవుతుంది అన్నా. ఆ చవక వినైల్ గాలిది కాబట్టి నీళ్ళ పైన తేలికగా ఆకులా తిరుగుతుంది, గంటకి పది మైళ్ళ గాలి వీస్తే గాలం వేయడం మానేసి తెడ్డు వేసుకుంటూనే ఉండాలి. కొక్కేలు, క్యాట్‌ఫిష్ ముల్లు, మునిగిన మోడు, మూడింటికీ భయపడాలి. గాలివాటిల్లో డ్రాప్ స్టిచ్ అడుగు (లోపల దారాలతో కుట్టి, గాలి కొడితే పలకలా గట్టిపడేది) ఉన్న మంచి రకాలు ఉన్నాయి, గట్టిగానే ఉంటాయి, కానీ వాటి ధర మామూలు ప్లాస్టిక్ కయాక్‌ని మించుతుంది. పైగా ఇంటికొచ్చాక ప్రతి మడతా తుడిచి ఆరబెట్టాలి, తడిగా చుట్టి క్లోజెట్‌లో పెడితే వారానికి బూజు వాసన.

వాలుగపులుసు:
నాది బాల్కనీలనే ఆరబెడ్త. ఏం కాలే ఇప్పటిదాకా. చిన్న చెరువులు, కమ్యూనిటీ పాండ్‌లకు అది చాలు. అందరూ లూయిస్‌విల్ నడిమికే పోవాల్నా ఏంది.

ప్లానోఅక్క:
ఆ మాటలో నిజం ఉంది, చిన్న నీళ్ళకి అది చాలు. కానీ ఈయన అడిగింది గ్రేప్‌వైన్, లూయిస్‌విల్ గురించి.

కామ్రీ మీద కుదురుతుందా అన్నదానికి నేను చెప్తాను, ఎందుకంటే నాది 5 అడుగుల 2 అంగుళాల ఎత్తు, సీఆర్‌వీ మీద 60 పౌండ్ల పైన ఉన్న కయాక్ ఒక్కదాన్నే ఎక్కిస్తాను. కామ్రీ ఇంకా పొట్టి బండి, మీకు ఇంకా సులువు. కిటుకు ఏంటంటే కయాక్‌ని ఎప్పుడూ మొత్తంగా ఎత్తకూడదు, సగం సగం ఎత్తాలి.

బండి వెనక, బండికి వరసగా కయాక్ పెట్టండి, ముక్కు బండి వైపు. ట్రంక్ మూత మీద, వెనక అద్దం మీద వెనక్కి రబ్బరు ఉన్న బాత్‌రూమ్ మ్యాట్ ఒకటి పరవండి, జారదు, గీతలు పడవు. ముందు ముక్కు మాత్రం ఎత్తి మ్యాట్ మీద ఆనించండి. ఇప్పుడు సగం బరువు బండే మోస్తోంది. తర్వాత వెనక్కి వెళ్ళి తోక పట్టుకుని పైకి లేపుతూ ముందుకి తొయ్యండి, ముక్కు పైకప్పు మీద అడ్డంగా బిగించే రెండు క్రాస్‌బార్లలో వెనక బార్ ఎక్కుతుంది, ఇంకొంచెం తోస్తే ముందు బార్ అందుకుంటుంది. కయాక్ తోక కింద కూడా ఒక పాత యోగా మ్యాట్ ముక్క వేస్తే సిమెంటు మీద రాసుకోదు. సీటు ముందే తీసి ట్రంక్‌లో పెట్టండి, అయిదారు పౌండ్లు తగ్గుతాయి, హైవే మీద గాలికి ఊగేది కూడా ఉండదు.

దించేటప్పుడు ఇదే తిరగేసి. అసలు కష్టం అప్పుడే, ఎందుకంటే అప్పటికి ఎండలో అయిదారు గంటలు ఉండి ఒళ్ళు హూనమై ఉంటుంది. కొనేముందు ఒక్క పరీక్ష చేసుకోండి: షాపులో దాని తోక పట్టుకుని మీ నడుము దాకా ఎత్తి ఒక నిమిషం పట్టుకోండి. చేతులు వణికితే ఆ కయాక్ మీది కాదు.

కయాక్‌ని పట్టి ఉంచడానికి బార్ల మీద బిగించే జె ఆకారం క్రేడిల్స్ కొనకండి. అవి సన్నటి కయాక్‌లకి బావుంటాయి, 32 అంగుళాల వెడల్పున్న ఫిషింగ్ కయాక్‌ని ఏటవాలుగా అంత పైకి ఎత్తడం ఒక్కరి వల్ల కాదు.

మొదటిగాలం:
అక్కా, ఇది ఎక్కడా ఇంత వివరంగా చెప్పలేదు, చాలా థాంక్స్. కానీ క్రాస్‌బార్ల ధరలు చూశాను. థూలే, యాకిమా కంపెనీలవి అయితే బార్లు, వాటిని పట్టే కాళ్ళు (టవర్లు), ఆ బండికి తగిన ఫిట్ కిట్ అన్నీ కలిపి కొత్తవి 500 అటూ ఇటూ అవుతున్నాయి. కయాక్ కంటే రాకే ఖరీదు! రెండు ఫోమ్ బ్లాకులు పైకప్పు మీద పెట్టి తలుపుల్లోంచి స్ట్రాప్ కట్టేస్తే సరిపోదా? 40 డాలర్లకే వస్తున్నాయి.

కొల్లేటికొంగ:
దగ్గరి దూరానికి, లోకల్ రోడ్ల మీద, గంటకి 45 మైళ్ళు దాటకుండా అయితే సరిపోతుంది. ఎక్కువమంది కొత్త కయాక్‌ని షాపు నుంచి ఇంటికి తెచ్చుకునేది వాటి మీదే. 121 హైవే మీదో, 35ఈ మీదో డెబ్భైలో పోతే మాత్రం పక్కగాలికి బ్లాకులు జరుగుతాయి. వానొస్తే స్ట్రాప్ గుడ్డ పట్టుకుని నీళ్ళు లోపలికి దిగి సీటు మీద కారతాయి.

రాక్ వాడినదే కొనుక్కో. బార్లు, టవర్లు ఏళ్ళ తరబడి పాడవ్వవు, నీ కామ్రీ మోడల్‌కి తగిన ఫిట్ కిట్ ఒక్కటి విడిగా కొత్తది తీసుకుంటే చాలు. ఆ కిట్ మాత్రం పక్కాగా నీ బండి తయారైన సంవత్సరానిదే కావాలి, దాదాపుగా సరిపోతుందని ఎవరన్నా వినకు. పైకప్పు మోసే బరువు ఎంతో ఓనర్స్ మాన్యువల్‌లోనూ, రాక్ మోసే బరువు రాక్ పేపర్లలోనూ ఉంటుంది, రెండిట్లో తక్కువది నీ హద్దు. అందులోంచి రాక్ సొంత బరువు తీసేయాలి, ఇది చాలామంది మర్చిపోతారు.

కామ్రీ 16 అడుగుల పొడుగు, కయాక్ 12. కాబట్టి ఎర్రజెండా గొడవ లేదు. కానీ సెడాన్ పైకప్పు మీద రెండు బార్ల మధ్య దూరం తక్కువ, అందుకని ముందు ముక్కుకి తాడు తప్పనిసరి. బానెట్ కింద ఫెండర్ బోల్టుకి బిగించే గుడ్డ లూపులు దొరుకుతాయి, బానెట్ మూస్తే చెవుల్లా బయటికి ఉంటాయి, వాటికి కట్టు.

తీరంవెంట:
హ్యూస్టన్ నుంచి. గాల్వెస్టన్ బే, ఈస్ట్ మటగోర్డా వైపు కయాక్ తీసుకెళ్తుంటాను. స్ట్రాప్‌లకి మీట కొట్టి బిగించే రాచెట్ వాడు బ్రదర్, కదలదు మెదలదు. క్యామ్ బకిల్‌వి చేత్తో ఎంత లాగినా కొంచెం వదులు ఉంటుంది.

డెంటన్‌బాబాయ్:
వద్దు వద్దు. రాచెట్‌తో నాలుగు క్లిక్కులు ఎక్కువ కొట్టామంటే తెలియకుండానే అడుగు నొక్కుకుపోతుంది. పాలీఎథిలీన్ ప్లాస్టిక్ అది, జూలైలో ఎండలో పార్క్ చేసిన బండి మీద ఎంత వేడెక్కుతుందో చెప్పక్కర్లేదు. వేడికి మెత్తబడి, స్ట్రాప్ కింద, బార్ కింద సొట్టలు పడతాయి. చిన్న సొట్టలైతే ఎండలో వదులుగా పెడితే వాటంతట అవే సర్దుకుంటాయి, రాచెట్ సొట్టలు అంత తేలిగ్గా పోవు.

తీరంవెంట:
బాబాయ్ గారూ, ఎంత బిగించాలో తెలిస్తే రాచెట్ తప్పు కాదు కదా. నేను ట్రెయిలర్ మీద వాడుతున్నాను, ఏ ఇబ్బందీ రాలేదు.

డెంటన్‌బాబాయ్:
ట్రెయిలర్ మీద బంకులు, అంటే కయాక్ కింద ఉండే పొడుగు పలకలు, పొడుగునా ఆనుకుంటాయి, బరువు పంచుకుంటాయి. కామ్రీ మీద రెండు సన్న బార్లు. తేడా లేదూ? పైగా అడుగుతున్నది మొదటిసారి కట్టేవాడు. ఒకటిన్నర అంగుళం క్యామ్ స్ట్రాప్‌లు రెండు, పన్నెండో పదిహేనో అడుగులవి. కయాక్ పై నుంచి వేసి, బార్ కిందుగా తిప్పి, మళ్ళీ పై నుంచి తెచ్చి, బకిల్‌లో పెట్టి ఒంటి చేత్తో గట్టిగా లాగు. అంతే బిగింపు. బకిల్ కింద తడి తువ్వాలో, స్పాంజో పెట్టు, లేకపోతే ఆ ఇనప ముక్క పైకప్పు పెయింట్‌ని కొడుతూ ఉంటుంది. స్ట్రాప్‌ని ఒక మెలిక తిప్పి కట్టు, లేకపోతే హైవే మీద విమానం వెంట పడుతున్నట్టు ఒకటే హోరు. మిగిలిన కొస తలుపులో నొక్కు.

సిట్ ఆన్ టాప్ అయితే బోర్లా వేసి కట్టడం మేలు, డెక్ గట్టిగా ఉంటుంది, అడుగు సొట్ట పడదు, వాన నీళ్ళు నిండవు. బయల్దేరిన రెండు మూడు మైళ్ళకి పెట్రోలు బంకులో ఆగి ఒక్కసారి స్ట్రాప్ లాగి చూడు. ముందు పోతున్న బండి మీంచి కయాక్ లేచి 380 హైవే మీద పడటం కళ్ళారా చూశాను, ముక్కుకి తాడు కట్టలేదు. అదృష్టం, వెనక ఎవరూ దగ్గరగా లేరు.

ప్లానోఅక్క:
ఈత సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? ఏటా ఎండాకాలంలో మనవాళ్ళ వార్త ఏదో ఒకటి వింటూనే ఉన్నాం, ఏదో లేక్‌లో దిగారు, లైఫ్ జాకెట్ లేదు అని.

టెక్సాస్ చట్టం ప్రకారం కయాక్‌లో మనిషికొక లైఫ్ జాకెట్ ఉండాలి, 13 ఏళ్ళ లోపు పిల్లలు ఒంటి మీద వేసుకునే ఉండాలి. పెద్దవాళ్ళు పక్కన పడేసుకున్నా చట్టం ఒప్పుకుంటుంది. నీళ్ళు ఒప్పుకోవు. మీరు కోస్ట్ గార్డ్ ఆమోదించిన ఫోమ్ జాకెట్ తీసుకోండి, వీపు వైపు పైన మాత్రమే ఫోమ్, కింద జాలీ ఉండే కయాక్ రకం. మామూలు జాకెట్ అయితే సీటు వీపుకి తగిలి మెడ దాకా లేస్తుంది, చిరాకేసి విప్పేస్తారు, అక్కడే ప్రమాదం. తాడు లాగితే గాలి నిండే జాకెట్లు ఈత రానివాళ్ళకి కాదు.

రెండోది, మొదటి రోజు గాలం తీసుకెళ్ళొద్దు. నడుము లోతు నీళ్ళలో, ఎవరినైనా తోడు పెట్టుకుని, కావాలని బోర్లా పడి మళ్ళీ ఎక్కడం నేర్చుకోండి. అవతలి అంచు పట్టుకుని, కాళ్ళు నీళ్ళ పైకి తేల్చి తన్నుతూ, పొట్ట కయాక్ మీదకి లాక్కుని, తర్వాత తిరిగి కూర్చోవాలి. వీడియోలో చూసినంత సులువు కాదు, ముందు చేతులు చాలవు. మీ సిటీ రిక్రియేషన్ సెంటర్‌లో పెద్దవాళ్ళ ఈత క్లాసులు ఉంటాయేమో కూడా కనుక్కోండి, సిగ్గుపడాల్సిన పని లేదు, నా బ్యాచ్‌లో సగం మంది మన దేశం వాళ్ళే.

మొదటిగాలం:
అక్కా, క్లాసులో చేరుతున్నాను. మా ఆవిడ ఈ పోస్ట్ చదివి క్లాస్ అయ్యేదాకా కయాక్ మాటే ఎత్తొద్దంది.

వికారాబాద్‌వీకెండ్:
ఇండియా నుంచి చదువుతున్నాను. కోటిపల్లి ప్రాజెక్టులో అద్దెకి కయాక్ ఎక్కాక నాకూ సొంతది కొనాలని ఉంది. కానీ ఇక్కడ ఫిషింగ్ కోసం చేసినవి షాపులో చూసి కొనే వీలు తక్కువ, లారీ ట్రాన్స్‌పోర్టులో తెప్పిస్తే ఆ ఖర్చు కూడా బాగానే అడుగుతున్నారు. ఇన్నోవా మీద పన్నెండడుగులది పెట్టొచ్చా?

కొల్లేటికొంగ:
ఇన్నోవా పొడుగుకి పన్నెండడుగులు సమస్య కాదు. కానీ మన దగ్గర బండి మీద ఉండే లగేజీ క్యారియర్ దేనికి బిగించారో చూసుకో, కొన్ని ఊరికే అలంకారానికి ఉంటాయి. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో సరుకు దించుకునేటప్పుడు ప్యాకింగ్ విప్పి అడుగు చూశాకే సంతకం పెట్టు. ఇంకో మాట, ఇక్కడ టెక్సాస్‌లోలా ఒక ఫిషింగ్ లైసెన్స్ కొనుక్కుంటే చాలు అనుకోకు. మన చెరువుల్లో, రిజర్వాయర్లలో చేపల హక్కు చాలాచోట్ల మత్స్యకారుల సంఘానిది. వాళ్ళని అడక్కుండా గాలం వేస్తే గొడవే, న్యాయంగా వాళ్ళదే పైచేయి.

వికారాబాద్‌వీకెండ్:
అది నిజమే, సంఘం పెద్దమనిషిని కలుస్తాను. థాంక్స్ అన్నా.

తీరంవెంట:
రాచెట్ సంగతి వదిలేస్తాను, కాగితాల సంగతి చెప్తాను.

మోటర్ లేని కయాక్‌కి టెక్సాస్‌లో రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, టైటిల్ అక్కర్లేదు. చిన్న ట్రోలింగ్ మోటర్ తగిలించావంటే అది మోటర్ బోటు కిందికి వస్తుంది, బ్యాటరీదైనా సరే. పదహారడుగుల లోపు వాటికి రెండేళ్ళకి 32 డాలర్ల రిజిస్ట్రేషన్, టైటిల్ వేరే, పక్కన టీఎక్స్ నంబరు అంటించాలి. ఫిషింగ్ లైసెన్స్, టెక్సాస్ రెసిడెంట్‌కి మంచినీళ్ళ (ఫ్రెష్‌వాటర్) ప్యాకేజీ 30 డాలర్లు, ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో అయిపోతుంది. జూలైలో కొనేవాళ్ళు 47 పెట్టి కొన్నరోజు నుంచి ఏడాది చెల్లే ఆల్ వాటర్ తీసుకుంటే మేలు, మా సముద్రం వైపు కూడా రావచ్చు. స్టేట్ పార్కుల్లో ఒడ్డు మీంచి వేస్తే లైసెన్స్ అక్కర్లేదు కదా అని అలవాటు పడ్డవాళ్ళు జాగ్రత్త, పెద్ద లేక్‌లో కయాక్ ఎక్కితే ఆ వెసులుబాటు లేదు. ఒక విజిల్ జాకెట్‌కి కట్టుకో, చీకటి పడితే తెల్లలైటు ఉండాలి. కొలబద్ద కూడా, క్రాపీ, శాండ్ బాస్ చేపలు రెండూ పది అంగుళాలు ఉంటేనే ఉంచుకోవాలి, ఒక్కోటి రోజుకి 25. లార్జ్‌మౌత్ బాస్ మామూలుగా 14 అంగుళాలు, రోజుకి అయిదు. కొన్ని లేక్‌లకి సొంత రూల్స్ ఉంటాయి, వెళ్ళేముందు పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్ళ సైట్లో ఆ లేక్ పేరు కొట్టి చూడు.

వాలుగపులుసు:
25 క్రాపీలా! నాకు ఒక్కటి పడితే ఇంట్ల పండుగ. అన్నా పట్టినంక ఒకటి చెప్త, చింతపండు పులుసుకు క్రాపీ పనికిరాదు, విరిగిపోతది. అది వేపుడుకే. పులుసుకు క్యాట్‌ఫిష్, తోలు తీసి, పసుపు ఉప్పు రుద్ది కడగాలె, లేకపోతే మట్టి వాసన.

మొదటిగాలం:
అందరికీ ఒక అప్‌డేట్. క్లాసులు నడుస్తున్నాయి, ఇప్పుడు నీళ్ళంటే కాస్త ధైర్యం వచ్చింది. పెస్కడార్ ప్రో 12 ఒకటి కారల్టన్‌లో అమ్మకానికి పెట్టారు, తెడ్డు, మోసుకెళ్ళే చక్రాల బండితో సహా 550 అంటున్నాడు. ఫొటోల్లో అడుగున గీతలు చాలా ఉన్నాయి. చూడ్డానికి వెళ్తే ఏం చూడాలి?

డెంటన్‌బాబాయ్:
గీతలు చూసి భయపడకు, గీతలు లేని కయాక్ అంటే వాడనిది. చూడాల్సినవి వేరే. వెనక అడుగు, తోక కింద భాగం, సిమెంటు రేవుల మీద ఈడ్చిన వాళ్ళ కయాక్‌లు అక్కడే అరుగుతాయి. బొటనవేలితో నొక్కు, మిగతా చోట్లకంటే మెత్తగా లోపలికి పోతే పలచబడిందన్న మాట. తర్వాత నీళ్ళు పోయే రంధ్రాల లోపలి అంచులు, సీటు కింద, ఫోన్ లైటు వేసి గుండ్రంగా చూడు, సన్న వెంట్రుక లాంటి పగుళ్ళు అక్కడే మొదలవుతాయి. ఈ ప్లాస్టిక్‌కి మామూలు జిగురు అంటదు, వేడితో వెల్డింగ్ చేయాలి. జిగురు మెత్తిన మరక ఎక్కడైనా కనిపిస్తే వెనక్కి వచ్చెయ్.

అమ్మేవాడి గార్డెన్ పైపుతో లోపలికి రెండు మూడు గ్యాలన్ల నీళ్ళు పోయించు, అటూ ఇటూ వంచు, బయట ఎక్కడైనా చెమ్మ వస్తుందా చూడు. అభ్యంతరం చెప్తే ఎందుకో అర్థం చేసుకో. తోక దగ్గర కుడివైపు పన్నెండు అక్షరాల హల్ నంబరు చెక్కి ఉంటుంది, అది గీకేసి ఉంటే దొంగసరుకేమో. టైటిల్ ఉండదు కాబట్టి తెల్లకాగితం మీదైనా నంబరు రాసి అమ్మినట్టు సంతకం పెట్టించుకో.

ప్లానోఅక్క:
ఆ చక్రాల బండి టైర్లు కూడా చూడండి. గట్టి ప్లాస్టిక్‌వి అయితే లూయిస్‌విల్ ఇసకలో దిగబడతాయి, గాలి టైర్లయితే లాగగలరు. తెడ్డు పొడుగు ఎంతో అడగండి. 32 అంగుళాల వెడల్పు, కొంచెం ఎత్తు సీటు, 240 నుంచి 250 సెంటీమీటర్లు ఉండాలి. చాలామంది 220 ది అంటగడతారు, దాంతో ప్రతిసారీ పిడికిళ్ళు కయాక్ అంచుకి కొట్టుకుంటాయి.

మొదటిగాలం:
సరే. ఇంక పెట్టుకోవడం ఎక్కడ? మా అపార్ట్‌మెంట్ ఆఫీసులో బాల్కనీలో పెట్టొద్దన్నారు, మెట్ల కింద కూడా వద్దన్నారు, ఫైర్ రూల్స్ అట. కింద కార్‌పోర్ట్‌లో గోడకి వేలాడదీస్తానన్నా ఒప్పుకోలేదు.

కొల్లేటికొంగ:
సెల్ఫ్ స్టోరేజ్ తీసుకో, కానీ ఇంటి దగ్గర కాదు, లేక్ దగ్గర! పది బై పది గది అయితే మూల నుంచి మూలకి 14 అడుగులు వస్తుంది, పన్నెండడుగుల కయాక్ అడ్డంగా పడుకుంటుంది, గోడకి నిలబెట్టక్కర్లేదు. అద్దె ఇద్దరు ముగ్గురు పంచుకుంటే ఇంకా మంచిది. లూయిస్‌విల్‌లోనో గ్రేప్‌వైన్‌లోనో లేక్‌కి దగ్గర్లో తీసుకుంటే, ఇర్వింగ్ నుంచి ఖాళీ కామ్రీలో హాయిగా వెళ్ళి, అక్కడ కయాక్ ఎక్కించుకుని లోకల్ రోడ్ల మీద రేవుకి పోవచ్చు. హైవే మీద మోసే పనే లేదు. అప్పుడు నీకు 500 డాలర్ల రాక్ కూడా అక్కర్లేదు, ఫోమ్ బ్లాకులూ, రెండు క్యామ్ స్ట్రాప్‌లూ, ముందూ వెనకా తాడూ చాలు. తలుపులు మూశాక స్ట్రాప్ కిటికీ బటన్లకి అడ్డం రాకుండా చూసుకో.

తీరంవెంట:
ఇది బ్రహ్మాండమైన ఐడియా. రాక్ డబ్బు అద్దెకి పోతుంది అనుకో, కానీ వారం వారం బయల్దేరడానికి బద్ధకం ఉండదు.

డెంటన్‌బాబాయ్:
ఒప్పుకుంటాను. నా ట్రక్కు గొప్ప చెప్పుకున్నాను గానీ ఇది చవకైన దారి. మొదట్లో మాత్రం లూయిస్‌విల్ వద్దు. 29 వేల ఎకరాల నీళ్ళు, వారాంతంలో పెద్ద బోట్లు, వాటి అలలు పక్క నుంచి తగిలితే కొత్తవాడికి కష్టం. వైట్ రాక్ లేక్‌కి వెళ్ళు, చిన్నది, అక్కడ పదిన్నర హార్స్‌పవర్ దాటిన మోటర్లని రానివ్వరు. లేదా గ్రేప్‌వైన్‌లోనే ఏదైనా మూల, వారం మధ్యలో, పొద్దున్నే.

బయల్దేరేటప్పుడు గాలికి ఎదురు వెళ్ళు, అలిసిపోయి తిరిగొచ్చేటప్పుడు గాలే తోస్తుంది. ఇక్కడ ఎండాకాలమంతా దక్షిణం గాలి, పొద్దున పది దాటాక పెరుగుతుంది. గాలి 15 మైళ్ళని చూపిస్తే ఇంట్లో పడుకో. మార్చి, నవంబర్లలో ఉత్తరం వైపు నల్లటి మబ్బు గోడలా కనిపిస్తే వెంటనే ఒడ్డుకి వచ్చెయ్, బ్లూ నార్తర్ అంటారు ఇక్కడివాళ్ళు, అరగంటలో ఒట్టి చొక్కాతో ఉన్నవాడు వణికిపోతాడు, గాలి ఒక్కసారి తిరుగుతుంది.

మొదటిగాలం:
కొన్నాను! పైపుతో నీళ్ళు పోయించాను, చుక్క రాలేదు. వెనక అడుగు గట్టిగానే ఉంది, కాగితం రాయించుకున్నాను. గాలి టైర్ల బండి, 240 తెడ్డు. 520కి ఒప్పుకున్నాడు. ఫోమ్ బ్లాకుల మీద కారల్టన్ నుంచి లూయిస్‌విల్ స్టోరేజ్‌కి సర్వీస్ రోడ్ల మీద నలభైలో తెచ్చాను, వెనకవాళ్ళు హారన్లు కొట్టారు, కొట్టుకోనీ. అక్క చెప్పిన బాత్‌రూమ్ మ్యాట్ కిటుకు అద్భుతం, అమ్మినాయన కూడా చూసి నేర్చుకున్నాడు.

నిన్న వైట్ రాక్‌లో దింపాను. బోర్లా పడి ఎక్కడం ప్రాక్టీస్ అయింది, మా ఆవిడ ఒడ్డు నుంచి వీడియో తీసింది, అది ఇక్కడ పెట్టను. ఒక్క సందేహం, ఇంటికొచ్చేముందు వంచితే లోపలి నుంచి ఒక గ్లాసెడు నీళ్ళు వచ్చాయి. పగులు ఉందంటారా?

డెంటన్‌బాబాయ్:
గ్లాసెడు అయితే పగులు కాదు. అన్నిసార్లు బోర్లా వేశావు కదా, సామాను పెట్టే అర (హాచ్) మూత అంచుల్లోంచో, రాడ్ హోల్డర్ స్క్రూల దగ్గరనుంచో వచ్చి ఉంటాయి. స్క్రూలు ఒకసారి బిగించు, అక్కడ మెరీన్ సీలెంట్ కొంచెం పెట్టు. నెమ్మదిగా తెడ్డు వేసుకున్న రోజు కూడా లీటర్ల కొద్దీ వస్తే అప్పుడు చూద్దాం.

నీళ్ళు మాత్రం రేవు దగ్గరే వంపేసి డ్రెయిన్ ప్లగ్ తెరిచి పెట్టుకునే బయల్దేరు. జీబ్రా మసెల్ అనే చిన్న ఆల్చిప్పలు టెక్సోమా లేక్‌లో 2009లో కనిపించినప్పటి నుంచి ఒక్కో లేక్‌కీ పాకుతున్నాయి, కంటికి కనపడని పిల్లలు ఆ గ్లాసెడు నీళ్ళలో కూడా ఉంటాయి. వంపకుండా రోడ్డెక్కితే ఫైన్, కయాక్ అయినా వదలరు. వైట్ రాక్‌కీ గ్రేప్‌వైన్‌కీ మార్చేటప్పుడు పూర్తిగా ఆరనివ్వు.

వాలుగపులుసు:
శుభాకాంక్షలు అన్నా. ఆ అమ్మినాయన దగ్గర ఇంకోటి ఏమన్న ఉందా? ఉత్తగనే అడుగుతున్న.

మొదటిగాలం:
గాలిదే చాలన్నారు కదా 😀 వాళ్ళావిడది పదడుగులది ఒకటి గరాజ్‌లో కనిపించింది, అమ్ముతారేమో తెలీదు. నంబరు మెసేజ్ చేస్తాను, అడిగి చూడండి. స్టోరేజ్ గదిలో ఇంకొకదానికి చోటుంది, అద్దెలో సగం మీరు కడితే.